కాలిఫోర్నియాలో ఇంటి డేకేర్: ముందు తలలు లెక్కపెట్టండి

ఇంట్లో డేకేర్ పెట్టాలనుకునేవాళ్లు ముందు బొమ్మలు కొంటారు. చూసుకోవాల్సింది వీసా. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా మీద ఉన్నవాళ్లు ఈఏడీ (పని అనుమతి కార్డు) చేతికి రాకముందు డబ్బు తీసుకుని పక్కింటి పిల్లాణ్ణి చూసుకున్నా అది ఉద్యోగం కిందికే వస్తుంది. మీ పిల్లలు కాక ఒక్క కుటుంబం పిల్లల్నే చూస్తే లైసెన్సు అక్కర్లేదు. రెండో కుటుంబం చేరితే తప్పదు.

లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర కమ్యూనిటీ కేర్ లైసెన్సింగ్ విభాగం. ముందు వాళ్ల ఓరియెంటేషన్, ఆ తర్వాత దరఖాస్తు. ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరూ వేలిముద్రలివ్వాలి. ఆర్నెల్లకని వచ్చిన అత్తమామల సంగతి చాలామంది మర్చిపోతారు, ముందే అధికారిని అడగండి. టీబీ పరీక్ష, టీకాల కాగితాలు, ఫస్ట్ ఎయిడ్‌తో కలిపి 16 గంటల శిక్షణ కావాలి. మంటలార్పే సిలిండర్ మీద 2ఏ-10బీసీ అనే సామర్థ్యపు గుర్తు ఉండాలి. వంటింటికని అమ్మే బుల్లి సిలిండర్ చాలదు. అద్దె ఇల్లైతే యజమానికి 30 రోజుల ముందే రాతపూర్వకంగా చెప్పండి.

అసలు తిప్పలన్నీ లెక్కతోనే. మొదట ఇచ్చే చిన్న లైసెన్సు మీద రెండేళ్లలోపు పసివాళ్లే అయితే నలుగురు. అన్ని వయసులూ కలిస్తే ఆరుగురు, అందులో పసివాళ్లు ముగ్గురికి మించకూడదు. ఎనిమిది మంది కావాలంటే పసివాళ్లు ఇద్దరే. ఒకరు బడికెళ్తూ ఉండాలి, మరొకరికి ఆరేళ్లు నిండాలి, అద్దె ఇంట్లో యజమాని ఒప్పుకోవాలి. పదేళ్లలోపు మీ సొంత పిల్లలూ ఇందులో లెక్కే! పొద్దున ఆరుగురితో సరిపోయిన ఇల్లు, మూడింటికి మీ పాప బడి నుంచి రాగానే ఏడుగురిదవుతుంది. అందుకే ఎవరు ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి వెళ్తారో గంటలవారీ పట్టిక వేసుకున్నాకే కొత్తవాళ్లను చేర్చుకోండి.

నిద్ర విషయంలో మన అలవాట్లు పనికిరావు. ఏడాదిలోపు పాపాయిని వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండు, దుప్పటి, బట్టలో చుట్టడం ఏవీ కుదరవు. ఉయ్యాల్లో నిద్రపోతే వెంటనే తీసి క్రిబ్‌లో (కటకటాల పిల్లల మంచంలో) వెయ్యాలి. 15 నిమిషాలకోసారి దగ్గరికెళ్లి చూసి, చూసినట్టు రాయాలి. రాయకపోతే చూడనట్టే.

అమెరికా కేంద్ర ప్రభుత్వం నడిపే పిల్లల భోజన పథకం సీఏసీఎఫ్‌పీలో చేరితే భోజనానికి కొంత డబ్బు తిరిగొస్తుంది. ఆ పథకంలో ఉడికిన పప్పును మాంసానికి బదులుగా లెక్కిస్తారు: ఒకటి రెండేళ్లవాళ్లకి పావు కప్పు. ఇంట్లో తోడేసిన పెరుగు మాత్రం లెక్కకు రాదు, కొన్నదే పెట్టాలి.

ఏడాది అనుభవంతో పెద్ద లైసెన్సు అడగొచ్చు: సహాయకురాలు ఉంటే 12 మంది, కొన్ని షరతులతో 14. అప్పటికి కొత్తవాళ్లు మీ దగ్గరకు సలహాకొస్తారు. ఉపన్యాసం వద్దు. మీ హాజరు పుస్తకం, నిద్ర పట్టిక, ఆర్నెల్లకోసారి చేసే అగ్నిప్రమాద డ్రిల్ నమోదు తెరిచి చూపించండి. తనిఖీ అధికారి అడిగేవి అవే.

ఊరి యంత్రాంగం వ్యాపార లైసెన్సు ఫీజు అడిగితే, ఇంటి డేకేర్ల మీద ఆ ఫీజు వెయ్యకూడదని 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రాష్ట్ర చట్టం ఎస్‌బీ 234 కాపీ జతచేసి ఉత్తరం రాయండి. ప్రభుత్వ సబ్సిడీ మీద వచ్చే పిల్లల్ని చూసేవాళ్లకైతే 2019 నాటి ఏబీ 378 చట్టంతో రేట్లపై ఉమ్మడిగా బేరమాడే హక్కు ఉంది. వాళ్ల యూనియన్ చైల్డ్ కేర్ ప్రొవైడర్స్ యునైటెడ్ వాళ్లను కలవండి.