ఎవ్రీ, డే: కలపాలా, విడగొట్టాలా?

ఎంవీపీ కాలనీలో మా పిన్ని చీరల కొట్టుకి ఫ్లెక్సీ వేయించాం. ఇంగ్లీషులో ‘ఓపెన్ ఎవ్రీడే’ అని తప్పుగా కలిపేసి రాసిచ్చింది నేనే. మళ్లీ ప్రింటు, మళ్లీ డబ్బులు.

ఇప్పుడు మధ్యలో ‘సింగిల్’ దూర్చి చదువుతున్నా. ‘ఓపెన్ ఎవ్రీ సింగిల్ డే’ చక్కగా అతికింది. అంటే ‘ప్రతిరోజూ’ అని అర్థం, గ్యాప్ ఇవ్వాలి. అదే ఫ్లెక్సీలో కింద ‘ఎవ్రీడే శారీస్’ అనుంది. అక్కడ ‘ఎవ్రీ సింగిల్ డే శారీస్’ అని చదివితే నవ్వొస్తుంది. అవి రోజువారీ కట్టుకునే చీరలు. వెనకాలే వస్తువు పేరుంది కాబట్టి కలిపే రాయాలి. (పిన్నికి రెండూ ఒకేలా కనిపిస్తున్నాయట.)

‘మేబీ’ అని కలపాలా, ‘మే బీ’ అని విడగొట్టాలా అన్న దగ్గర మాత్రం ఈ కిటుకు పారదు. అక్కడ ‘పర్‌హాప్స్’ పెట్టి చూడండి, సరిపోతే కలిపెయ్యండి.