సోషల్ మీడియాలో సైన్స్ బృందం చెదిరిపోకుండా, అసలు ఖాతా ఏదో తెలిసేలా ఎలా చేయాలి?

2022 నవంబర్‌లో ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) నెలకు 8 డాలర్లు కట్టినవాళ్లకు, అంతవరకు అసలు ఖాతాకు గుర్తుగా ఉన్న బ్లూ టిక్ ఇవ్వడం మొదలుపెట్టింది. వెంటనే ఎవరో ఎలై లిల్లీ మందుల కంపెనీ పేరుతో ఖాతా తెరిచి, టిక్ కొనుక్కుని, ఇన్సులిన్ ఇక ఉచితం అని ప్రకటించారు. అసలు కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో, అంతకుముందు పరిశీలించి ఉచితంగా ఇచ్చిన పాత టిక్‌లనూ తీసేశారు. శాస్త్రవేత్తలు చాలామంది ట్విట్టర్ లాంటివే అయిన మాస్టడాన్‌కూ, తర్వాత బ్లూస్కైకీ వెళ్లిపోయారు. ఏళ్ల తరబడి ఒకరి మాట ఒకరు సరిదిద్దుకుంటూ పెరిగిన బృందాలు అలా చెదిరిపోవడం చిన్న నష్టం కాదు. అందుకే కింది పనులు అంతా సజావుగా ఉన్నప్పుడే చేసి పెట్టుకోవాలి.

1. గుర్తింపును మీ సొంత పేజీకి ముడివేయండి

"సీసీఎంబీ (హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తను" అని ప్రొఫైల్‌లో ఎవరైనా రాసుకోవచ్చు. సీసీఎంబీ వెబ్‌సైట్‌లోని పేజీని మాత్రం అందరూ మార్చలేరు. మన దేశంలో ఏసీ డాట్ ఇన్, రెస్ డాట్ ఇన్ చిరునామాలు విద్యా, పరిశోధన సంస్థలకే ఇస్తారు కాబట్టి అక్కడున్న మీ పేజీకి విలువ ఎక్కువ. ముందు ఆ పేజీలో మీ సోషల్ మీడియా ఖాతాల లింకులన్నీ పెట్టించండి. ఖాతాల్లో ఆ పేజీ లింకు పెట్టండి. లింకు రెండు వైపులా ఉండాలి, ఖాతాలో మాత్రమే ఉంటే ఏమీ రుజువు కాదు.

మాస్టడాన్ ఈ పని తనే చూసుకుంటుంది. ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో వెరిఫికేషన్ దగ్గర ఒక చిన్న కోడ్ ఇస్తుంది. దాన్ని మీ పేజీలో అతికించి, ఆ పేజీ చిరునామాను ప్రొఫైల్‌లో చేరిస్తే లింకు ఆకుపచ్చగా మారుతుంది. డబ్బు కట్టనక్కర్లేదు.

బ్లూస్కైలో అయితే డొమైన్ పేరునే (వెబ్‌సైట్ చిరునామానే) హ్యాండిల్‌గా, అంటే ఖాతా పేరుగా పెట్టుకోవచ్చు. హ్యాండిల్ మార్చేచోట సొంత డొమైన్ ఎంపిక నొక్కితే టీఎక్స్‌టీ రికార్డు అనే ఒక చిన్న వాక్యం చూపిస్తుంది. డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ (డొమైన్ వివరాలు ఉండే) సెట్టింగ్స్‌లో దాన్ని చేర్చాలి. ఫాలోవర్లు ఎక్కడికీ పోరు. డొమైన్ గడువు మాత్రం దాటనివ్వకండి.

2. ఎదుటివాళ్ల ఖాతాను నమ్మేముందు చూడాల్సినవి

ఆకుపచ్చ రంగు చూసి ఆగిపోకండి, ఏ లింకు ఆకుపచ్చగా ఉందో చూడండి. నకిలీ మనిషి కూడా తన సొంత వెబ్‌సైట్‌ను వెరిఫై చేసుకోగలడు.

ఆర్కిడ్ (ORCID) అనే పరిశోధకుల గుర్తింపు నంబరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2012లో మొదలైన ఈ 16 అక్షరాల గుర్తింపు పరిశోధకులకు ఎంతో ఉపయోగం. ఒకే పేరున్న ఇద్దరి పేపర్లు కలిసిపోకుండా కాపాడుతుంది. చివరి అక్షరం ఒక్కోసారి ఎక్స్ ఉంటుంది, అది తప్పు కాదు. అయితే ఆర్కిడ్ ఖాతా ఎవరైనా, ఏ పేరుతోనైనా తెరవవచ్చు. అందుకే రికార్డులో ప్రతి ఉద్యోగం, ప్రతి పేపరు కింద "సోర్స్" అని ఉన్నచోట చూడండి. అక్కడ యూనివర్సిటీ పేరో పబ్లిషర్ పేరో ఉంటే వాళ్లే చేర్చారని అర్థం. ఆ వ్యక్తి పేరే ఉంటే అది తను చెప్పుకున్న మాట మాత్రమే. ఆరోగ్య సలహాలిచ్చే ఖాతాల దగ్గర ఈ ఒక్క నిమిషం తప్పకుండా వెచ్చించండి.

3. మనుషుల జాబితా దాచుకోండి

అందరూ పోస్టులను దాచుకుంటారు. ముందు దాచాల్సింది మనుషులను. ట్విట్టర్ ఇచ్చే ఆర్కైవ్‌లో మీరు ఫాలో అయ్యేవాళ్ల పేర్లు ఉండవు, ఖాతా నంబర్లే ఉంటాయి. 2023లో ఉచిత ఏపీఐని (బయటి టూల్స్ ట్విట్టర్ సమాచారం తీసుకునే దారిని) ఆపేశాక, స్నేహితులను కొత్తచోట వెతికిపెట్టే టూల్స్ కూడా చాలావరకు మూతపడ్డాయి. కాబట్టి ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి పేరు, సంస్థ పేజీ, ఆర్కిడ్, ఖాతాలు రాసుకోండి. ఫోన్ నంబర్లు వద్దు. ఆ షీటు ఇద్దరు ముగ్గురి దగ్గర ఉండాలి.

మాస్టడాన్‌లో ఫాలో జాబితాను సీఎస్‌వీ ఫైలుగా (స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే ఫైలుగా) దించుకోవచ్చు. బ్లూస్కైలో స్టార్టర్ ప్యాక్ చేస్తే 150 మంది వరకు ఒకేచోట చేర్చవచ్చు, కొత్తగా వచ్చినవాళ్లు ఒక్క నొక్కుతో అందరినీ ఫాలో అవుతారు.

4. సర్వర్ నడిపేవాళ్లను అడగండి

మాస్టడాన్ ఒకే కంపెనీ నడిపేది కాదు, వేర్వేరు మనుషులు నడిపే చాలా సర్వర్ల కలయిక. అందులో ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మారితే ఫాలోవర్లు వెంట వస్తారు, పోస్టులు రావు. అదీ పాత సర్వర్ బతికున్నంతవరకే. కాబట్టి చేరేముందే మూడు సంగతులు కనుక్కోండి: రోజూ బ్యాకప్ తీస్తున్నారా, సర్వర్ తెరవగల ఇంకో మనిషి ఉన్నారా, మూసేస్తే మూడు నెలల ముందు చెబుతారా? మాస్టడాన్ తన అధికారిక జాబితాలో చేర్చే సర్వర్లకు పెట్టే షరతుల్లో ఈ మూడూ ఉన్నాయి.

5. విలువైన చర్చలను భద్రపరచండి

ఒక పేపరులో తప్పు పట్టిన చర్చో, గ్రహణం చూసినవాళ్ల కొలతలో ఉంటే, పాల్గొన్నవాళ్ల అనుమతి తీసుకుని, తేదీలతో సహా ఒక ఫైలుగా చేసి జెనోడోలో పెట్టండి. యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థ నడిపే ఈ భాండాగారం ఉచితంగా డీఓఐ (ఫైలుకు శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇస్తుంది, పేపర్లలో ఉదహరించడానికి వీలవుతుంది. ఎవరైనా తమ మాటలు వద్దంటే అవి తీసేసి మిగతాది పెట్టండి.