కార్బనా, అల్యూమినియమా? రేసింగ్ సైకిల్ సమస్యలు - పరిష్కారాలు

సమస్య: గువ్వలచెరువు నుంచి కడప వైపు ఘాట్ దిగుతుంటే బ్రేకులు అదురుతున్నాయి, కాలిన వాసన వస్తోంది.

కారణం: రిమ్ బ్రేకులున్న, అంటే ప్యాడ్లు చక్రం అంచునే (రిమ్మునే) పట్టి ఆపే, కార్బన్ ఫైబర్ చక్రాలు. అల్యూమినియం వేడిని చుట్టూ పంచేసి గాలికి వదిలేస్తుంది. కార్బన్ రిమ్ములో వేడి ప్యాడ్ రాసుకునే చోటే నిలిచిపోయి, పొరల్ని అతికించే రెసిన్ మెత్తబడుతుంది. మన ఎండల్లో రిమ్ము ముందే వేడెక్కి ఉంటుంది. అప్పుడు టైరు లోపలి గాలి ఒత్తిడికి రిమ్ము అంచు ఉబ్బుతుంది.

పరిష్కారం: కార్బన్ రిమ్ముల కోసం చేసిన ప్యాడ్లే వాడండి. బ్రేకు అదేపనిగా పట్టుకుని దిగొద్దు. మలుపుకు ముందు గట్టిగా వేసి, వేగం తగ్గగానే వదిలేయండి. దిగే ముందు గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగినప్పుడే ప్యాడ్లు చూసుకోండి, రిమ్ము అంచు మీద వేలు పెట్టి తిప్పండి. ఎక్కడైనా ఉబ్బు తగిలితే ఆ చక్రంతో ఘాట్ దిగొద్దు, దాన్ని మార్చేయాల్సిందే. రిమ్ బ్రేకు సైకిల్ అయితే ఘాట్ ప్రాక్టీసుకు అల్యూమినియం చక్రాలే మేలని నా గట్టి అభిప్రాయం. డిస్క్ బ్రేకులుంటే ఈ టెన్షన్ లేదు, కార్బన్ నిశ్చింతగా తీసుకోవచ్చు.

సమస్య: కార్బన్ సీట్ పోస్ట్ (సీటు కింది గొట్టం) కొద్దికొద్దిగా కిందికి జారుతోంది.

కారణం: చాలాసార్లు గ్రీజు. అల్యూమినియం పోస్టుకు పూసే అలవాటుతో దీనికీ పూసేస్తారు.

పరిష్కారం: గ్రీజు పూర్తిగా తుడిచి, కార్బన్ పేస్ట్ రాయండి. అందులోని సన్నటి రేణువుల వల్ల తక్కువ బిగింపుకే పట్టు దొరుకుతుంది. బోల్టును టార్క్ రెంచ్‌తో (ఎంత బిగిస్తున్నామో కొలిచే పానాతో), పోస్టును పట్టి ఉంచే క్లాంపు మీద రాసినంతే బిగించండి. అది సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. ఇంకా జారితే మరింత బిగించకుండా సైజు చూడండి. ఫ్రేముకు 27.2 మిల్లీమీటర్ల పోస్ట్ కావాలంటే 27 పనికిరాదు.

సమస్య: కార్బన్ ఫ్రేములో అల్యూమినియం పోస్ట్ ఇరుక్కుపోయింది.

కారణం: చెమట ఉప్పు తగిలితే ఈ రెండింటి మధ్య అల్యూమినియం తుప్పు పడుతుంది.

పరిష్కారం: ఇలా ఇరుక్కోకుండా ఉండాలంటే ఎండాకాలంలో నెలకోసారి తీసి తుడిచి, మళ్లీ కార్బన్ పేస్ట్ రాసి పెట్టండి.

సమస్య: పడ్డాక హ్యాండిల్ బార్ టక్ టక్ మంటోంది.

కారణం, పరిష్కారం: ముందు స్టెమ్ (హ్యాండిల్ బార్‌ను సైకిల్‌కు కలిపే ముక్క) బోల్టులు సరిగ్గా బిగిశాయో లేదో చూడండి. తర్వాత బార్‌కు చుట్టిన టేపు విప్పి చూడండి. అల్యూమినియం వంగితే కంటికి తెలుస్తుంది, కార్బన్ లోపల చీలినా పైకి బాగానే కనబడొచ్చు. నాణెంతో తట్టినప్పుడు ఒకచోట శబ్దం మొద్దుగా వస్తే అది చీలికే అనుకోండి. శబ్దం మారకపోయినా, గట్టిగా పడ్డ కార్బన్ బార్‌ను నమ్మొద్దు. వంగిన అల్యూమినియం బార్‌నూ సరిచేసి వాడకూడదు. అందుకే కొత్తగా రేసులకు వెళ్లే పిల్లలకు బార్, స్టెమ్ అల్యూమినియంవే కొనిపెట్టండి. పడ్డ ప్రతిసారీ మార్చినా ఇంటి మీద భారం పడదు.