ఫోన్ నుంచే క్లస్టర్ జాబ్‌ల మీద కన్నేసి ఉంచడం: టర్మక్స్, స్లర్మ్‌తో పూర్తి అమరిక

క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపులో, 48 గంటలు నడిచే పనిని (జాబ్) సాయంత్రం క్యూలో పెట్టి ఇంటికి వెళ్లిపోతే, అది మొదలైందో లేదో, మొదలైన పది నిమిషాలకే పడిపోయిందో తెలిసేది మర్నాడే. ఈలోగా ఒక రాత్రి వృథా. క్యూ పొడుగ్గా ఉండే చోట మళ్లీ వంతు రావడానికి ఇంకో రెండు రోజులు పట్టినా పట్టొచ్చు. చేతిలో ఉన్న ఫోన్‌తో ఈ నష్టం చాలావరకు తప్పించుకోవచ్చు. కాకపోతే ఫోన్‌ని చిన్న లాప్‌టాప్ అనుకుని దిగితే విసుగే మిగులుతుంది. దాన్ని మూడు పనులకే వాడండి: జాబ్ స్థితి చూడటం, కబురు అందుకోవడం, అవసరమైతే ఆపేయడం. స్క్రిప్టులు దిద్దడం, కొత్త జాబ్‌లు పెట్టడం లాప్‌టాప్‌కే వదిలేయండి.

ఇక్కడ చెప్పేదంతా స్లర్మ్ (జాబ్‌లని వరుసలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న లినక్స్ క్లస్టర్లకి వర్తిస్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ లాంటి నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ యంత్రాల్లో ఉండేదీ స్లర్మే. కమాండ్ల పేర్లు పలికినట్టు రాశాం. ఎస్‌క్యూ అంటే ఎస్ అక్షరానికి క్యూ అనే ఇంగ్లీషు మాటని ఆనించి రాయడం. ఎస్‌క్యాన్సిల్, ఎస్‌కంట్రోల్, ఎస్‌స్టాట్ కూడా అంతే. ఎస్‌అకౌంట్ మాత్రం ఎస్ తర్వాత ఏ, సీ, సీ, టీ. అన్నీ చిన్న అక్షరాలే.

ముందు దారి వేసుకోవడం

ఆండ్రాయిడ్‌లో టర్మక్స్‌ని (ఫోన్‌లో లినక్స్ కమాండ్లు నడిపే యాప్) ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి పెట్టుకోండి. తెరవగానే ప్యాకేజీలు అప్‌డేట్ చేసి, ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే సాధనం) ఇన్‌స్టాల్ చేయండి. ఐఫోన్ వాళ్లకి టెర్మియస్, బ్లింక్ ఉన్నాయి. తర్వాతి మెట్లు ఎక్కడైనా దాదాపు ఒకటే.

1. ఫోన్‌లోనే ఈడీ25519 రకం కీ (పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కి వాడే ఫైళ్ల జత) తయారుచేయండి. లాప్‌టాప్ కీని ఫోన్‌లోకి కాపీ చేయొద్దు. ఫోన్ పోయిన రోజు ఫోన్ కీలని మాత్రం రద్దు చేస్తే సరిపోవాలి. పాస్‌ఫ్రేజ్ తప్పనిసరి. కీకి పెట్టే కామెంట్‌లో ఫోన్ మోడల్ పేరు రాయండి.

2. పబ్లిక్ కీ లైన్‌ని క్లస్టర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో చేర్చండి. ఈ ఒక్కసారికి లాప్‌టాప్ నుంచి చేయడమే సులువు.

3. ఫోన్‌లో ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్ రాసుకోండి: క్లస్టర్‌కి ఒక పొట్టి పేరు, అసలు అడ్రస్, మీ యూజర్ పేరు, కీ ఫైల్ ఎక్కడుందో. కనెక్షన్ ఊరికే తెగకుండా సర్వర్ అలైవ్ ఇంటర్వల్ 60 పెట్టండి. క్యాంపస్ గేట్‌వే దాటి వెళ్లాల్సి ఉంటే ప్రాక్సీజంప్ లైన్ కూడా వేయండి.

కనెక్ట్ కాకపోతే వచ్చిన మెసేజ్ ఏమిటో చదవండి, సగం జవాబు అందులోనే ఉంటుంది. 'కనెక్షన్ టైమ్డ్ ఔట్' అంటే మీరు క్లస్టర్ గుమ్మం దాకా కూడా చేరలేదు: వీపీఎన్ ఆన్‌లో లేదు, లేదా బయటి నెట్‌వర్క్‌ని ఫైర్‌వాల్ ఆపుతోంది. 'పర్మిషన్ డినైడ్' అంటే చేరారు గానీ కీ నచ్చలేదు. లైన్ పేస్ట్ చేసేటప్పుడు మధ్యలో విరిగిందేమో చూడండి. అది సరిగ్గానే ఉంటే పర్మిషన్లు చూడండి: ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, ఆథరైజ్డ్ కీస్‌కి 600. చాలామంది మర్చిపోయేది హోమ్ డైరెక్టరీ. దానికి గ్రూప్ రైట్ అనుమతి ఉన్నా సర్వర్ మీ కీని తోసిపుచ్చుతుంది, కారణం కూడా మీకు చెప్పదు.

ఇంకో చిక్కు ఫోన్ వైపు నుంచి. ఆండ్రాయిడ్ 12 నుంచి, వెనకాల నడిచే ప్రాసెస్‌లని ఫోనే చంపేస్తుంది. టర్మక్స్‌లో 'ప్రాసెస్ కంప్లీటెడ్, సిగ్నల్ 9' అని కనిపిస్తే కంగారుపడొద్దు, చచ్చింది ఫోన్‌లోని సెషనే. ఎస్‌బ్యాచ్‌తో పెట్టిన జాబ్‌కి మీ కనెక్షన్‌తో సంబంధం లేదు, అది నడుస్తూనే ఉంటుంది. ఎస్‌రన్‌తో ఇంటరాక్టివ్‌గా పెట్టినవి మాత్రం కనెక్షన్‌తో పాటే పోతాయి, వాటిని టీమక్స్ (కనెక్షన్ తెగినా క్లస్టర్‌లో సెషన్‌ని నిలిపి ఉంచే ప్రోగ్రామ్) లోపల నడపాలి. టీమక్స్ వాడితే ఏ లాగిన్ నోడ్‌లో (క్లస్టర్‌లో మీరు ముందుగా దిగే కంప్యూటర్) మొదలుపెట్టారో రాసిపెట్టుకోండి. ఒకే అడ్రస్ వెనక రెండు మూడు లాగిన్ నోడ్‌లుంటే మళ్లీ వెళ్లినప్పుడు వేరే దాంట్లో దిగుతారు, సెషన్ మాయమైనట్టు అనిపిస్తుంది.

బస్సులో, రైల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే ఎస్ఎస్‌హెచ్ బదులు వాడే మోష్ చాలా హాయి. వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినా తెగదు. కానీ లాగిన్ నోడ్‌లో మోష్ సర్వర్ ఉండాలి, 60000 నుంచి 61000 వరకు యూడీపీ పోర్టులు తెరిచి ఉండాలి. చాలాచోట్ల ఉండవు. దాని కోసం పట్టుబట్టనక్కర్లేదు, కింద చెప్పే పద్ధతిలో కనెక్షన్ కొన్ని సెకన్లు నిలిస్తే చాలు.

ఒక్క మాటకి ఒక్క జవాబు

నిలువుగా పట్టుకున్న ఫోన్‌లో, ఫాంట్‌ని బట్టి, లైన్‌కి 40 నుంచి 50 అక్షరాలు పడతాయి. క్యూలోని జాబ్‌లని చూపే ఎస్‌క్యూ మామూలుగా ఇచ్చే లైన్ దానికి రెట్టింపు దాకా ఉంటుంది, విరిగి కిందకి జారి ఏ అంకె దేనిదో తెలియదు. అందుకే క్లస్టర్‌లో మీ బిన్ ఫోల్డర్లో రెండక్షరాల పేరుతో చిన్న స్క్రిప్టు రాసి పెట్టండి. అందులో మూడు పనులుంటే చాలు.

మొదటిది, మీ జాబ్‌లు మాత్రమే చూపించే 'మీ' (ఎం, ఈ అక్షరాల ఇంగ్లీషు మాట) ఆప్షన్‌తో ఎస్‌క్యూ. ఫార్మాట్‌లో జాబ్ నంబర్‌కి 9 అక్షరాలు, పేరుకి 8, స్థితికి 2, మిగిలిన సమయానికి 10, చివర నోడ్ పేరు లేదా ఆగిన కారణం. నడిచిన సమయం కంటే మిగిలిన సమయమే మీకు పనికొచ్చేది.

రెండోది, ఎస్‌అకౌంట్‌తో ముగిసిన జాబ్‌లు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మొదలు సమయం చెప్పకపోతే అది ఆ రోజు అర్ధరాత్రి 12 నుంచే లెక్కిస్తుంది. రాత్రి 11:50కి పడిపోయిన జాబ్ 12:10కి చూస్తే ఎస్‌క్యూలోనూ ఉండదు, ఎస్‌అకౌంట్‌లోనూ ఉండదు. కాబట్టి స్టార్ట్ ఆప్షన్‌కి 'నౌ మైనస్ 1 డేస్' ఇవ్వండి.

మూడోది, తాజా లాగ్ ఫైల్లో చివరి 5 లైన్లు.

ఫోన్‌లో ఎస్ఎస్‌హెచ్, క్లస్టర్ పొట్టి పేరు, స్క్రిప్టు పేరు, ఈ మూడు మాటలు కొడితే జవాబు వచ్చి కనెక్షన్ ముగిసిపోతుంది. దీన్ని ఏలియాస్‌గా కాక స్క్రిప్టుగానే రాయమనడానికి కారణముంది: ఇలా ఒక్క కమాండ్ పంపినప్పుడు షెల్ ఏలియాస్‌లని పట్టించుకోదు. 'కమాండ్ నాట్ ఫౌండ్' వస్తే స్లర్మ్ ఉన్న ఫోల్డర్ పాత్‌లో లేదన్నమాట, స్క్రిప్టులో ఎస్‌క్యూకి పూర్తి పాత్ రాయండి.

ఆథరైజ్డ్ కీస్‌లో ఫోన్ కీ లైన్ ముందు 'రెస్ట్రిక్ట్' అని, దాని పక్కనే కమాండ్‌గా ఈ స్క్రిప్టు పాత్‌ని రాస్తే, ఆ కీతో వచ్చినవాళ్లు ఆ స్క్రిప్టు తప్ప ఏమీ నడపలేరు. ఓటీపీ యాప్ కూడా అదే ఫోన్‌లో ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం, రెండు తాళాలూ ఒకే జేబులో ఉన్నట్టు కదా. జాబ్ ఆపడానికి, నోడ్‌లోకి వెళ్లడానికి కట్టడి లేని రెండో కీ వేరే పాస్‌ఫ్రేజ్‌తో ఉంచుకోండి.

వచ్చిన జవాబుని చదవడం

పీడీ అంటే ఇంకా క్యూలోనే ఉంది. పక్కన ప్రయారిటీ లేదా రిసోర్సెస్ అని ఉంటే వంతు కోసం ఆగడమే. కానీ 'రిక్వైర్డ్ నోడ్ నాట్ అవైలబుల్, రిజర్వ్‌డ్ ఫర్ మెయింటెనెన్స్' అన్న అర్థం వచ్చే కారణం కనిపిస్తే మీరు చేయగలిగిందొకటి ఉంది. మీరడిగిన సమయం మెయింటెనెన్స్ మొదలయ్యే వేళని దాటుతోంది కాబట్టి స్లర్మ్ దాన్ని మొదలుపెట్టడం లేదు. పని నిజంగా 20 గంటల్లో అయ్యేదైతే, ఎస్‌కంట్రోల్ అప్‌డేట్‌తో టైమ్ లిమిట్‌ని 48 నుంచి 24కి దించండి, ఆ ఖాళీలో పట్టొచ్చు. తగ్గించడం మీ చేతిలో ఉంది. పెంచడం అడ్మిన్ చేతిలోనే. 'డిపెండెన్సీ నెవర్ శాటిస్ఫైడ్' అని ఉన్న జాబ్ ఎప్పటికీ మొదలవ్వదు, దాని ముందు జాబ్ ఫెయిలైంది.

ఔట్ ఆఫ్ మెమరీ అని ముగిసిన జాబ్‌కి ఎస్‌అకౌంట్‌లో మ్యాక్స్ ఆర్ఎస్ఎస్ (వాడిన గరిష్ఠ మెమరీ) చూస్తే, అడిగిన మెమరీ కంటే తక్కువే కనిపించి తికమక పెడుతుంది. ఆ లెక్కని స్లర్మ్ మామూలుగా 30 సెకన్లకోసారి తీస్తుంది. మధ్యలో ఒక్క క్షణం ఎగసిన వాడకం అందులో పడదు. మ్యాక్స్ ఆర్ఎస్ఎస్ అంకెని కాదు, ముగింపు స్థితినే నమ్మండి. ఇంకా నడుస్తున్న జాబ్‌కైతే ఎస్‌స్టాట్ వాడాలి, జాబ్ నంబర్ చివర చుక్క పెట్టి 'బ్యాచ్' చేర్చి.

జాబ్ నడుస్తోంది, లాగ్ మాత్రం రెండు గంటలుగా ఖాళీ. పైథాన్ జాబ్‌లలో ఇది రోజూ జరిగేదే. ఔట్‌పుట్ ఫైల్లోకి వెళ్తున్నప్పుడు పైథాన్ దాన్ని వెంటనే రాయదు, బఫర్లో పోగుచేసి ఒక్కసారిగా వదులుతుంది. దీన్ని చూసి బాగా నడుస్తున్న జాబ్‌ని చంపేసేవాళ్లున్నారు. జాబ్ స్క్రిప్టులో పైథాన్ పక్కన అడ్డగీత, యు అక్షరం పెట్టండి.

అయినా అనుమానం తీరకపోతే జాబ్ నడుస్తున్న కంప్యూటర్ (కంప్యూట్ నోడ్) లోపలికి తొంగిచూడాలి. ఎస్‌రన్‌కి జాబ్ నంబర్, 'ఓవర్‌ల్యాప్' ఆప్షన్ ఇచ్చి, నడుస్తున్న ప్రాసెస్‌లని చూపే టాప్ కమాండ్‌ని బ్యాచ్ మోడ్‌లో ఒక్కసారి నడిపి మొదటి 15 లైన్లు తెచ్చుకోండి. ఓవర్‌ల్యాప్ మర్చిపోతే, వనరులన్నీ మీ జాబే పట్టుకుని ఉంటుంది కాబట్టి కమాండ్ అలా వేలాడుతూనే ఉంటుంది. 40 కోర్లు అడిగిన జాబ్‌లో ఒక్క ప్రాసెస్ 100 శాతం దగ్గరే ఉంటే, కోడ్ ఒక్క కోర్ మీదే నడుస్తోంది. స్థితి గడిలో డీ అక్షరం కదలకుండా ఉంటే ప్రాసెస్ డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. ఒక్కసారి చూసి తేల్చొద్దు, నిమిషం ఆగి మళ్లీ చూడండి. జీపీయూ జాబ్‌కైతే టాప్ బదులు ఎన్‌విడియా ఎస్ఎంఐ. మెమరీ నిండుగా ఉండి వాడకం సున్నా దగ్గరే ఉంటే, డేటా అందక జీపీయూ ఖాళీగా కూర్చుందని అర్థం.

జాబే కబురు పంపేలా

మాటిమాటికీ మీరే అడగడం కంటే క్లస్టరే చెప్పడం మేలు. జాబ్ స్క్రిప్టులో మెయిల్ టైప్‌కి బిగిన్, ఎండ్, ఫెయిల్, టైమ్ లిమిట్ 80 ఇవ్వండి. 48 గంటల జాబ్‌కి ఆ చివరిది 38 గంటల 24 నిమిషాల దగ్గర వస్తుంది. పొడిగింపు కోసం అడ్మిన్‌ని అడగడానికి ఇంకా 9 గంటలకి పైగా ఉంటుంది. అర్రే జాబ్‌లకి (ఒకే స్క్రిప్టుతో పెట్టే అనేక టాస్కులు) 'అర్రే టాస్క్స్' మాత్రం చేర్చొద్దు, 500 టాస్కులుంటే టాస్కు టాస్కుకీ మెయిల్ వచ్చి పడుతుంది. కొన్నిచోట్ల మెయిల్ అమర్చి ఉండదు. ఒక నిమిషం నిద్రపోయే ఉత్తుత్తి జాబ్ పెట్టి ముందే పరీక్షించండి.

వెంటనే ఫోన్ మోగాలంటే, స్క్రిప్టు చివర కర్ల్‌తో (వెబ్‌కి సందేశం పంపే కమాండ్) ఫోన్‌కి నోటిఫికేషన్లు చేరవేసే ఎన్‌టీఎఫ్‌వై సర్వీసుకో టెలిగ్రామ్ బాట్‌కో ఒక లైన్ పంపొచ్చు. ఎన్‌టీఎఫ్‌వై పబ్లిక్ సర్వర్లో టాపిక్ పేరు తెలిసినవాళ్లెవరైనా చదవగలరు. పొడుగాటి అర్థం లేని పేరు పెట్టి, జాబ్ నంబర్, స్థితి తప్ప ఏమీ పంపకండి. కంప్యూట్ నోడ్‌లకి ఇంటర్నెట్ లేని చోట ఆ కర్ల్ వేలాడి, జీపీయూ గంటలు తింటుంది. మ్యాక్స్ టైమ్ 10 సెకన్లు తప్పక పెట్టండి. మెమరీ మించి చచ్చిన జాబ్‌లో ఈ చివరి లైన్ దాకా రాకపోవచ్చు కూడా, మెయిల్ పంపేది స్లర్మ్ కాబట్టి వస్తుంది. రెండూ ఉంచుకోండి, ఒకటే ఉంచాలంటే మెయిల్.

ఒక విన్నపం. ఒకే కమాండ్‌ని పదేపదే నడిపే వాచ్ కమాండ్‌లో ఎస్‌క్యూ పెట్టి వదిలేయకండి. వ్యవధి చెప్పకపోతే అది 2 సెకన్లకోసారి అడుగుతుంది, జవాబివ్వాల్సింది జాబ్‌లని షెడ్యూల్ చేసే కంట్రోలరే. యాభైమంది అలా చేస్తే అందరి క్యూ నెమ్మదిస్తుంది.

ఆపాల్సి వస్తే

ఎస్‌క్యాన్సిల్‌కి జాబ్ నంబర్‌తో పాటు ఇంటరాక్టివ్ ఆప్షన్ ఇవ్వండి, ఆపే ముందు పేరు చూపించి అడుగుతుంది. నంబర్‌ని చేత్తో కొట్టకుండా జాబితా నుంచి కాపీ చేయండి. యూజర్ పేరుతో ఎస్‌క్యాన్సిల్ ఫోన్‌లో ఎప్పుడూ వాడొద్దు, నడిచేవీ ఆగినవీ అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. ఇంకా మొదలవ్వని జాబ్ మీద అనుమానమొస్తే రద్దు చేయనక్కర్లేదు. ఎస్‌కంట్రోల్ హోల్డ్ పెట్టి, పొద్దున్న చూసుకుని రిలీజ్ చేయొచ్చు.

ఫోన్ పోతే ఏ కంప్యూటర్ నుంచైనా క్లస్టర్‌లోకి వెళ్లి, ఆథరైజ్డ్ కీస్‌లో ఆ ఫోన్ మోడల్ పేరున్న రెండు లైన్లూ తీసేయండి. టెలిగ్రామ్ బాట్ ఉంటే బాట్‌ఫాదర్‌లో (బాట్‌లని నిర్వహించే టెలిగ్రామ్ బాట్) దాని టోకెన్ రద్దు చేసి, కొత్తది 600 పర్మిషన్ ఉన్న ఫైల్లో పెట్టండి.