జీసీసీ 7 కంటే పాతదైతే హాష్‌ని ఇలా రాయండి

నా ల్యాప్‌టాప్‌లో క్లాంగ్ అనే కంపైలర్‌తో చక్కగా కంపైలైన సీ++ కోడ్ క్లయింటు సర్వర్ ఎక్కగానే మొరాయించింది. అక్కడున్నది సెంటాస్ 7 అనే లినక్స్, దాంతోపాటు వచ్చిన జీసీసీ 4.8.5 అనే పాత కంపైలర్. ఎర్రర్ సారాంశం: 'వేరే నేమ్‌స్పేస్‌లో స్పెషలైజేషన్ రాశావు'. నేమ్‌స్పేస్ అంటే పేర్లని విడివిడిగా ఉంచే గది; స్పెషలైజేషన్ అంటే టెంప్లేట్‌కి, అంటే రకరకాల టైపులకి పనికొచ్చే మూసకి, ఒక్క టైపు కోసం రాసే ప్రత్యేక రూపం. మేక్‌ఫైల్ అంతా తిరగేశాక రాత్రి పదకొండింటికి అర్థమైంది, తప్పు నాది కాదని.

రాసింది బస్సు టికెట్ల ప్రోగ్రాం. ట్రావెల్స్ అనే నేమ్‌స్పేస్‌లో సీట్ అనే స్ట్రక్ట్ ఉంది, అందులో బస్సు నంబరు, సీటు నంబరు. దాన్ని అన్‌ఆర్డర్డ్ మ్యాప్‌కి (కీ ఇస్తే విలువ వెతికిచ్చే పట్టికకి) కీగా పెట్టాలంటే హాష్, అంటే కీని ఒక సంఖ్యగా మార్చేది, కావాలి. నేనేమో నేమ్‌స్పేస్‌లన్నీ మూసేశాక, ఫైల్లో బయటే, ఎస్‌టీడీ::హాష్ అని (ఎస్‌టీడీ అంటే సీ++ స్టాండర్డ్ లైబ్రరీ నేమ్‌స్పేస్) పూర్తి పేరుతో స్పెషలైజేషన్ రాశాను. పాత స్టాండర్డ్ సీ++98లో అలా కుదరదు, టెంప్లేట్ ఎక్కడుందో అక్కడికే వెళ్లి రాయాలి. తర్వాతి స్టాండర్డ్ సీ++11 బయటినుంచీ రాయనిచ్చింది. జీసీసీ మాత్రం 2017లో 7వ వెర్షన్ వచ్చేదాకా పాత రూలే పట్టుకుని కూర్చుంది.

విరుగుడు చిన్నదే. ముందు మీ నేమ్‌స్పేస్ బ్రాకెట్ మూయండి. తర్వాత నేమ్‌స్పేస్ ఎస్‌టీడీ తెరిచి, లోపల ఉత్త హాష్ అని రాసి, మీ టైపుని మాత్రం ::ట్రావెల్స్::సీట్ అని మొదటి రెండు కోలన్లతో సహా ఇవ్వండి. మూసేయండి. కొత్త కంపైలర్లూ దీన్ని కిమ్మనకుండా తీసుకుంటాయి.

'ముందు మూయండి' అన్నది ఊరికే కాదు. తొందరలో నేను ట్రావెల్స్ లోపలే ఎస్‌టీడీ తెరిచాను. దాంతో ట్రావెల్స్::ఎస్‌టీడీ అనే కొత్త నేమ్‌స్పేస్ పుట్టింది! హాష్ అసలు టెంప్లేటే కాదంది కంపైలర్. ట్రావెల్స్‌లో ఆ కింద ఎస్‌టీడీ::స్ట్రింగ్ వాడిన ప్రతి లైనూ ఎర్రరే.

ఈ బ్లాకు హెడర్లో, స్ట్రక్ట్ కిందనే ఉండాలి. మ్యాప్‌ని వాడేశాక రాస్తే, ఇన్‌స్టాన్షియేట్ అయ్యాక (మూసలోంచి అసలు కోడ్ తయారయ్యాక) స్పెషలైజేషన్ ఏంటని ఇంకో గోల. ఆ బ్లాకులో మీ సొంత ఫంక్షన్లేవీ పెట్టకండి, స్టాండర్డ్ దానికి ఒప్పుకోదు.

ఆ మొదటి ఎర్రర్ చివర ఎఫ్‌పర్మిసివ్ అని ఆప్షన్ కనిపిస్తుంది. అది పెడితే ఎర్రర్ వార్నింగ్‌గా మారుతుంది, నిజమే. కానీ దాని చాటున ఇంకెన్ని అసలు తప్పులు దాటిపోతాయో! నేనైతే పెట్టను.

మ్యాప్ ఒకటీ రెండు చోట్లే ఉంటే ఎస్‌టీడీ జోలికే పోనక్కర్లేదు. ట్రావెల్స్ లోపలే సీట్‌హాష్ అని ఒక స్ట్రక్ట్ రాసి, మ్యాప్‌కి మూడో టెంప్లేట్ ఆర్గ్యుమెంటుగా ఇచ్చేయండి. జీసీసీ 4.8.5 దానికి నోరెత్తదు.