తాబేలు కదలకుండా పడి ఉందా? ముందు థర్మామీటర్ చూడండి

మొన్నటిదాకా ఆకు కనపడితే చాలు మెడ చాచి వచ్చిన తాబేలు ఇవాళ కాళ్లు లోపలికి లాక్కుని మూలన పడి ఉంది. తాబేలు కదా, నెమ్మదిగానే ఉంటుందిలే అని వదిలేయకండి. ఆరోగ్యంగా ఉన్న నేల తాబేలు పగలంతా తిరుగుతుంది, వేడి ఎక్కడుందో వెతుక్కుంటుంది, తిండి మీదికి ఎగబడుతుంది. కాలు పట్టుకుని చూస్తే గట్టిగా వెనక్కి లాక్కుంటుంది. ఆ పట్టు సడలిందంటే ఏదో తేడా వచ్చినట్టే. అయితే ఆ తేడా చాలాసార్లు దాని ఒంట్లో కాదు, అది ఉంటున్న చోట ఉంటుంది.

ఒక్క మినహాయింపు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు నుంచి బుడగలు వస్తున్నా, మెడ వాలిపోయి పట్టు లేకుండా ఉన్నా కింద రాసినవేవీ ప్రయత్నిస్తూ కూర్చోకండి. ఆరోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

పొద్దున కదలదు, మధ్యాహ్నానికి కాస్త తేరుకుంటుంది

ఇది చలి. తాబేలు తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు, చుట్టూ ఎంత వేడి ఉంటే దాని ఒళ్లూ దాదాపు అంతే. వేడి చాలకపోతే కండరాలు కదలవు, తిన్నది అరగదు, రోగాన్ని తట్టుకునే శక్తీ తగ్గిపోతుంది. పెంపుడు జాతుల్లో చాలావాటికి పగటిపూట అది ఉండే పెట్టెలో వేడినిచ్చే బల్బు కింద 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్, పెట్టె అవతలి చివర 22 నుంచి 26 డిగ్రీలు ఉండాలి. రెండు చివరలూ వేరుగా ఉంటేనే అది తనకు కావలసిన చోటు ఎంచుకోగలుగుతుంది.

అందరూ పొరబడేది కొలవడంలోనే. పెట్టె గోడకు అంటించిన థర్మామీటర్ గోడ వేడిని చెబుతుంది తప్ప తాబేలు వీపు మీద పడే వేడిని కాదు. డిజిటల్ థర్మామీటర్ కొనను బల్బు కింద, డిప్ప ఎత్తులో పెట్టి చూడండి. తక్కువ ఉంటే బల్బును కొద్దికొద్దిగా కిందికి దించండి. కింద నుంచి వేడెక్కే రాళ్లు మాత్రం వద్దు. పొట్ట కాలుతున్నా తాబేలు వెంటనే పక్కకు జరగకపోవచ్చు.

ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు బలవంతంగా తినిపించకండి. అరగని తిండి పేగుల్లోనే కుళ్లుతుంది. ముందు వేడి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. నీడలేని చోట ఎండలో చిక్కుకున్న తాబేలు మొదట గాభరాగా తిరిగి, నోట్లో నురగ వచ్చి, చతికిలబడుతుంది. వెంటనే నీడకు తెచ్చి మామూలు నీళ్లతో తడపండి, ఐసు నీళ్లు వాడొద్దు. ఆ తర్వాత డాక్టర్‌కు చూపించండి.

కళ్లు లోపలికి పోయాయి, విసర్జనలో సుద్దలాంటి గరుకు పదార్థం

ఒంట్లో నీరు తగ్గింది. తెల్లని పదార్థం మెత్తగా, జిగురుగా వస్తే కంగారు లేదు, గరుకుగా గట్టిపడితేనే చూసుకోవాలి. గోరువెచ్చని నీళ్లు ఒక పళ్లెంలో పోసి, పై డిప్ప కింది డిప్ప కలిసే చోటు వరకే మట్టం ఉంచి, 20 నుంచి 30 నిమిషాలు కూర్చోబెట్టండి. తల నీళ్లకు పైనే ఉండాలి. కొన్నాళ్లు రోజూ ఇలా చేస్తే చాలా తాబేళ్లు తేరుకుంటాయి. ముక్కుతూ ఉన్నా ఏమీ రాకపోతే మూత్రాశయంలో రాయి ఉండొచ్చు. అది ఎక్స్‌రేలోనే తేలుతుంది.

పొట్ట ఈడ్చుకుంటూ నడుస్తుంది, డిప్ప మెత్తబడింది

ఇక్కడ నా అనుభవం చెప్పాలి. మా తాబేలు మందగించినప్పుడు మూడు వారాలు ఆకులు మారుస్తూ గడిపాను. యూవీబీ బల్బు, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలను ఇచ్చే బల్బు, వెలుగుతూనే ఉంది కదా అని దాని జోలికి పోలేదు. చివరికి చూస్తే అది పెట్టి ఏడాది దాటింది. యూవీబీ బల్బులు చాలావరకు 6 నుంచి 12 నెలల్లో బలం కోల్పోతాయి, కంటికి కనపడే వెలుగు మాత్రం తగ్గదు. యూవీబీ అందకపోతే ఒంట్లో డి విటమిన్ తయారవదు, అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు, ఎముకలు, డిప్ప బలహీనపడతాయి. కిటికీ దగ్గర పెడుతున్నాం కదా అంటారు కొందరు. గాజు యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది.

కొత్త బల్బు పెట్టిన తేదీ దాని మీదే రాసి ఉంచండి. పండ్లు తగ్గించి ఆకులు పెంచండి, కాల్షియం పొడి చల్లండి. పెద్ద తాబేలు డిప్ప నొక్కితే లొంగుతోందంటే ఇంట్లో సరిచేసే దశ దాటిపోయింది. పిల్లల డిప్ప మాత్రం సహజంగానే కొంచెం మెత్తగా ఉంటుంది, దానికి భయపడకండి.

చలికాలం వచ్చింది, నిద్రపోతోందేమో?

హెర్మన్, గ్రీకు, రష్యన్ తాబేళ్లు శీతకాల నిద్రకు వెళ్లే జాతులు. నక్షత్ర తాబేలు, సుల్కాటా, లెపర్డ్, రెడ్‌ఫుట్ అలా నిద్రపోవు, వాటి నీరసాన్ని నిద్ర అనుకుంటే ప్రమాదం. నిద్రపోయే జాతికైనా దాదాపు 5 డిగ్రీల నిలకడైన చల్లదనం, ఖాళీ పేగులు, మంచి బరువు కావాలి. గది 15 డిగ్రీల దగ్గర ఊగిసలాడుతుంటే అది నిద్రా కాదు, మెలకువా కాదు. తినకుండా ఒంట్లోని నిల్వను కరిగించుకుంటూ ఉంటుంది. సందేహం ఉంటే ఆ ఏడాది నిద్రపుచ్చకండి, వెచ్చగా ఉంచండి.

వేడి, నీళ్లు, వెలుగు సరిచేసినా మార్పు లేదు

రెండు మూడు రోజుల్లో హుషారు రాకపోతే రోగమే అనుకోండి. తాబేలుకు మనలా దగ్గే వీలు లేదు, అందుకే ఊపిరితిత్తుల్లో చేరిన కఫాన్ని బయటికి నెట్టలేదు. తడి ముక్కు, మెడ చాచి పీల్చే శ్వాస న్యూమోనియా గుర్తులు. ఆడ తాబేలు నేల తవ్వి తవ్వి ఆగిపోయి నీరసిస్తే గుడ్లు అడ్డుపడి ఉండొచ్చు. మగది తోడు లేకపోయినా గుడ్లు పెడతాయి, ఈ సంగతి తెలియక చాలామంది ఆలస్యం చేస్తారు. ఇసుక తిని పేగు మూసుకుపోవడం, నులిపురుగులు పెరగడం కూడా మామూలే. పురుగుల మందు మీరే వేయకండి, ముఖ్యంగా ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు విషం.

సరీసృపాలను చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు తాజా మలం, పెట్టె ఫోటో, మీరు కొలిచిన ఉష్ణోగ్రతలు, వారం వారం గ్రాముల్లో రాసుకున్న బరువు పట్టుకెళ్లండి. దారిలో చలి తగలకుండా మూత ఉన్న పెట్టెలో గుడ్డ పరిచి తీసుకెళ్లండి.