నేపాల్ ఇళ్ల పనికి వెళ్తున్న పిల్లలకి, బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

మన ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు నుంచి ఈసారి కొంతమంది పిల్లలు దసరా అయ్యాక నేపాల్ వెళ్లి పేదోళ్ల ఇళ్లు బాగుచేసే పనిలో వాలంటీర్లుగా చేస్తామంటున్నారు, వినగానే చాలా సంతోషమేసింది. నేను సైట్ సూపర్‌వైజర్ని, 2017లో గోర్ఖా జిల్లాలో ఒక ఊళ్లో మూడు వారాలు ఈ పనే చేసొచ్చా. 2015 ఏప్రిల్ 25న వచ్చిన 7.8 భూకంపానికి అక్కడ దాదాపు తొమ్మిది వేల మంది పోయారు, ఐదు లక్షల ఇళ్లు నేలమట్టం అయ్యాయి, నేను వెళ్లేసరికి రెండేళ్లయినా జనం ఇంకా రేకుల షెడ్లలోనే ఉన్నారు. నాకు అప్పుడు ఎవరూ ముందుగా చెప్పనివి మీకు చెప్తా.

అన్నిటికంటే ముందు మన ఊరి సంగతే ఒకటి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి మా పిన్ని ఇంటి రేకులు లేచిపోతే బయట నుంచి కొందరు కుర్రాళ్లు వచ్చి రెండు రోజుల్లో కొత్త రేకులు వేసి వెళ్లారు, మంచి మనసుతోనే వచ్చారు, అందులో అనుమానం లేదు. కానీ మేకులు రేకు గట్టు మీద కొట్టాల్సింది పల్లంలో కొట్టేశారు, నీళ్లు పారేది ఆ పల్లంలోనే కదా, పైగా వాషర్లు లేవు. తర్వాతి వానాకాలం అంతా పిన్ని మంచాన్ని రాత్రికోసారి ఒక్కో మూలకి జరుపుకుంటూ పడుకుంది, ఒక చోట చెంబు, ఒక చోట పప్పు గిన్నె, తెల్లారి చూస్తే రెండూ నిండిపోయి ఉండేవి. చివరికి మళ్లీ మేస్త్రీని పెట్టి కూలి ఇచ్చి అన్నీ ఊడదీయించింది. అందుకే చెప్తున్నా, చేతకాని పని ఒప్పుకోవడమే అక్కడ మీరు చేయగలిగే పెద్ద హాని. మనం వచ్చేస్తాం, ఆ కప్పు కింద పడుకునేది వాళ్లు.

మీకు పని రాకపోతే ఇసుక జల్లెడ పట్టండి, ఇటుకలు అందించండి, కొత్త గోడ మీద రోజూ నీళ్లు చల్లండి, వారం రోజుల క్యూరింగ్ సరిగ్గా జరిగితే అదే పెద్ద సాయం. భూకంపం ప్రాంతంలో ఇంటికి పునాది మీద ఒకటి, కిటికీ తలుపుల పైన ఒకటి, కప్పు కింద ఒకటి కాంక్రీట్ పట్టీలు చుట్టూ తెగకుండా వెళ్తాయి, ఇల్లు ఊగినప్పుడు గోడలు విడిపోకుండా పట్టుకునేవి అవే. ఆ పట్టీల్లో, స్తంభాల్లో రాడ్లకి వేసే రింగుల కొనలు 135 డిగ్రీలు లోపలికి వంచాలి, 90 దగ్గర వదిలేస్తే గట్టిగా కుదిపినప్పుడు విప్పుకుపోతాయి. అక్కడి మేస్త్రీ నేను కట్టిన రింగులు ఒక వరస మొత్తం విప్పించాడు, నేను ఇక్కడ పది మందితో పని చేయించేవాణ్ణి అయినా నోరు మూసుకుని మళ్లీ కట్టా, ఎందుకంటే ఆయన చెప్పిందే కరెక్ట్. మీరూ అక్కడి మేస్త్రీ మాటే వినండి, ఆయన్ని దాయ్ అని పిలవండి, వాళ్ల భాషలో అన్నయ్య అని.

ఒంటి సంగతికొస్తే సిమెంట్‌ని తేలిగ్గా తీసుకోకండి. తడి సిమెంట్ చర్మాన్ని కాల్చేస్తుంది, వెంటనే మంట తెలియదు. నేను ఒకరోజు కాంక్రీట్ మీద మోకాళ్లు ఆనించి ఓ గంట పని చేశా, ప్యాంటు తడిసింది కదా అనుకున్నా అంతే, సాయంత్రానికి రెండు మోకాళ్ల మీదా తోలు ఎర్రగా ఊడిపోయి పది రోజులు సరిగ్గా మెట్లు దిగలేకపోయా. రబ్బరు బూట్లు, గ్లవ్స్ ఉండాలి, బూట్లో సిమెంట్ పడితే అప్పటికప్పుడు విప్పేసి నీళ్లు ధారగా పోసి కడుక్కోవాలి. రాయి కోసేటప్పుడు, పాత గోడ పడగొట్టేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి, మెడలో తువ్వాలు చుట్టుకుంటే ఆ దుమ్ము ఆగదు. శిథిలాల్లో పాత ఆస్‌బెస్టాస్ రేకు ముక్కలు దొరికితే కోయొద్దు, విరగ్గొట్టొద్దు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఎండగా ఉందని మట్టితో కట్టిన పాత రాతిగోడ నీడలో మాత్రం కూర్చోవద్దు, చిన్న ప్రకంపన వచ్చినా ముందు పడేవి అవే.

ఇప్పుడు మన జిల్లాల వాళ్లకి ప్రత్యేకంగా రెండు. మనది మలేరియా ప్రాంతం, అది ఒంట్లో ఉండగానే కొండెక్కుతాం, అక్కడ చలిలో జ్వరమొస్తే వైరల్ అనో టైఫాయిడ్ అనో అనుకుంటారు, అందుకని డాక్టర్‌కి మీరే నోరు తెరిచి మేం ఒడిశా మలేరియా ఏరియా నుంచి వచ్చాం, రక్తపరీక్ష చేయండి అని అడగండి. రెండోది సికిల్ సెల్, అంటే రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. కోరాపుట్, రాయగడ, గజపతి వైపు చాలా కుటుంబాల్లో ఉంది, ఉన్నట్టు తెలియని వాళ్లూ ఉన్నారు. ఆ జబ్బు ఉన్నవాళ్లకి ఎత్తు, చలి, నీళ్లు తక్కువ తాగడం, ఒళ్లు అలిసే పని, ఈ నాలుగూ కలిస్తే భరించలేని నొప్పులతో పడిపోతారు. వెళ్లే ముందు పరీక్ష చేయించుకోండి, జబ్బు ఉందని తేలితే డాక్టర్ వద్దంటే ఆగిపోండి తమ్ముడూ, అందులో సిగ్గేమీ లేదు. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాల గురించి కనీసం మూడు నాలుగు వారాల ముందే డాక్టర్‌ని అడగండి. పని చేసే ఊరు 2,500 మీటర్ల పైన ఉంటే ఎక్కగానే పని మొదలెట్టకండి, తలనొప్పి, వాంతులు వస్తే కిందికి దిగిపోవడమే.

ఎప్పుడు వెళ్లాలి అంటే, మన దసరాకి వాళ్లకి దశైం, దీపావళికి తిహార్, ఈ రెండు పండగల రోజుల్లో మేస్త్రీలు దొరకడం కష్టం, బస్సుల్లో చోటుండదు. 2025లో దసరా అయిన రెండు మూడు రోజులకే ఇలాం జిల్లాలో కొండచరియలు విరిగి ముప్పై మందికి పైగా పోయారు. 2024 సెప్టెంబర్ ఆఖర్లో కురిసిన వానలకైతే దేశం మొత్తం మీద రెండు వందలు దాటారు, రోడ్డు మీద ఆగిన బస్సుల మీదే మట్టి పడింది. కార్తీక పౌర్ణమి దాటాక వెళ్లండి, కొండదారిలో రాత్రి బస్సు ఎక్కకండి, వాన పడుతుంటే ఒక రోజు లేటయినా పర్లేదు.

కాగితాలు. మనకి నేపాల్‌కి వీసా అక్కర్లేదు, కానీ మీ వయసువాళ్లకి ఆధార్ పనికిరాదు, ఓటర్ కార్డు గానీ పాస్‌పోర్ట్ గానీ ఉండాలి. మన తెలుగోళ్ల పేర్లు ఇక్కడి కార్డుల్లో ఒక్కోచోట ఒక్కోలా పడతాయి, ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, కాబట్టి టికెట్ మీద పేరు కార్డు మీద ఉన్నట్టే రాయించండి. హౌరా వెళ్లి అక్కడ మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రక్సౌల్, బోర్డర్ దాటితే బీర్గంజ్. మన వందకి వాళ్ల నూట అరవై. పోలీసులకి 100, అంబులెన్స్‌కి 102. వేరే దేశం అయితే టూరిస్ట్ వీసా మీద జీతం లేని పని కూడా చాలా చోట్ల కుదరదు, పిలిచినవాళ్ల దగ్గర ఏ వీసాయో రాతపూర్వకంగా తీసుకోండి.

డబ్బు కట్టమంటే ఆ డబ్బులో ఇంటికి ఎంత, మీ తిండికి ఎంత, ఆఫీసుకి ఎంత అని అడగండి, మంచి సంస్థ అయితే చెప్తుంది. ఇన్సూరెన్స్ కాగితం పూర్తిగా చదవండి, చాలా పాలసీల్లో చేతిపని చేస్తూ దెబ్బ తగిలితే ఇవ్వం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంటివాళ్లని అడగకుండా వాళ్ల పిల్లల ఫొటోలు పెట్టకండి.

నా దగ్గర రబ్బరు బూట్లు రెండు జతలున్నాయి, ఎనిమిది, తొమ్మిది సైజులు, కావాల్సినవాళ్లు ఆదివారం పొద్దున్న ఇంటికొచ్చి పట్టుకెళ్లండి, రింగులు ఎలా వంచాలో కూడా చూపిస్తా.